మూడో గేటు కాడ మైదాకు చేతులు

నాకు కోపం ముక్కు మీదుంటది. ఇది ముందే చెప్పి పెడుతున్న, మల్ల నన్ను అనొద్దు. మా అత్తమ్మ శివమ్మయితె "నా కోడలు నోరు తెరిస్తె పటాన్‌చెరు బస్టాండుల బస్సులు ఆగుతయి" అంటది. అననియ్యి. ఆ నోరు లేకపోతె ఈ ముచ్చటనే లేదు.

నా పేరు సృజన. సుల్తాన్‌పూర్‌ల మెడికల్ డివైజుల పార్కు ఉన్నది గద, అండ్ల ఒక కంపెనీల లైన్ లీడర్‌ను. మనిషి నరాలల్లకు ఎక్కిచ్చే సన్న గొట్టాలు తయారు చేస్తం. ఆరేండ్లాయె. నా కింద ఇరవై రెండు మంది ఆడోళ్లు. తల నుంచి కాలి దాక తెల్ల బట్టలేసుకుంటం, కండ్లు తప్ప ఏం కనవడయి. లోపల గాలిల దుమ్ము కూడ లెక్కే. గాజులు వద్దు, పూలు వద్దు, బొట్టు వద్దు, పౌడర్ వద్దు. ఇగ చేతులకు మైదాకయితె అస్సలుకే వద్దు. మైదాకంటె గోరింటాకే, మా దిక్కు గట్లంటం. ఆ రంగు పొట్టు పొట్టు రాలి గొట్టాలల్ల పడుతదని వాళ్ల భయం. నిజమో కాదో నాకు తెల్వది. రూలు రూలే. ఆరేండ్ల సంది నేను మైదాకు మొఖం చూడలే.

పోయినేడు ఏమైందో చెప్త. మా కంపెనీల ఏడాదికి ఒక్కపాలి వాకిన్ ఇంటర్వ్యూ పెడుతరు. కాంట్రాక్టర్ నడుమ లేకుండ, నేరుగ కంపెనీ పేరు మీద నౌకరి. అది వచ్చి వచ్చి ఆషాఢంల పడ్డది. ఆషాఢంల మైదాకు పెట్టుకోని ఆడిది మా దిక్కు ఉంటదా? నోటీసుల ఇంగ్లీషుల "నో కాస్మెటిక్స్, నో జువెలరీ" అని రాసిండ్రు. పిల్లలు మంచిగనే చదివిండ్రు. పౌడర్ పూసుకోలే, గాజులు తీసి బ్యాగుల పెట్టుకున్నరు. మైదాకు కాస్మెటిక్ అని ఎవలనుకుంటరు? చెట్టు ఆకాయె! అరవై మంది వస్తె నలభై ఒక్క మందిని మూడో గేటు కాడికెళ్లే మర్లగొట్టిండ్రు. అండ్ల మా చెల్లె హర్షిణి ఒకతి.

నెల దినాలు దానికి నేర్పిన. పరీక్షల చిమ్టాతోని సన్న గొట్టాలు పట్టి ట్రేల పెట్టమంటరని, ఇంట్ల ఆవాలు ఒక్కొక్కటి ఏరిచ్చిన. ఇంగ్లీషుల పేరు, ఊరు, చదువు చెప్పుడు నేర్పిన. ఏ బస్సెక్కాలె, ఏ కాయితాలు తేవాలె, అన్నీ చెప్పిన. మైదాకు ముచ్చట ఒక్కటి చెప్పలే. అది నాకు ఎంత అలవాటైందంటె, ఇంకోళ్లకు చెప్పాల్నన్న సోయే లేకుండె. శుక్రారం మా అమ్మ మంచిగ రుబ్బి, బిడ్డకు నౌకరి రావాల్నని, రెండు చేతులకు నిండుగ పెట్టింది. తెల్లారి హర్షిణి గేటు కాడ చేతులు చాపితె సెక్యూరిటీ సత్తయ్య తాత తలకాయ అడ్డంగ ఊపిండు. నేను లోపల లైన్ మీదున్న. అది ఫోన్ చెయ్యలే, ఏడ్వలే, బొంతపల్లి బస్సెక్కి ఇంటికి పోయింది. రెండు దినాలకు ఒక్కటే మాటన్నది. "అక్కా, నువ్వొక్క మాట చెప్తె అయిపోతుండె గద."

ఆ మాట నేను ఇప్పటికీ మర్వలే.

బ్లాగు గందుకే పెట్టిన. మా ఆయన నవీన్‌కుమార్ ఫోనుల ఎట్ల చెయ్యాల్నో చూపిచ్చిండు. పేరు "గేటు లోపలి ముచ్చట". ఇంటర్వ్యూల ఏం అడుగుతరు, తెల్ల బట్టలు ఎట్ల తొడుక్కోవాలె, మైదాకు ఎందుకు వద్దు, అంత రాసిన. నాలుగు నెలల్ల పదిహేను ముచ్చట్లు రాసిన. చదివినోళ్లెంత మంది? దినానికి పద్నాలుగు. అండ్ల ఆరుసార్లు నేనే.

"ఎవలు చదువుతరే అది?" అని మా ఆయన నవ్విండు.

"చదువుతరు. మంచి తిండి వండినంక మనుషులు రారా?" అన్న. నాకు నా రాత మీద అనుమానం ఎన్నడు లేదు.

ఈయేడు మృగశిర పోయినంక హెచ్చార్ చంద్రకాంత్ సార్ నన్ను పిలిచిండు. ఆయనది పటాన్‌చెరు పక్క ఊరే, భూములున్నోళ్లు. మనిషి మంచోడే గని గడియారం లెక్క మాట్లాడుతడు.

"సృజనా, ఈసారి వాకిన్ వద్దంటున్నరు పైవాళ్లు. పోయినసారి సగం దినం గేటు కాడనే ఖరాబైంది. కాంట్రాక్టర్ అయితె బయటి రాష్ట్రం పిల్లలను తెచ్చి హాస్టల్‌ల పెడుతడు. మనకు పరేషాన్ ఉండది."

"మా పిల్లలకు చేతకాకనా సార్? తెల్వక! నోటీసుల మైదాకు అని ఒక్క మాట రాయుండ్రి, అయిపాయె."

"నోటీసు హెడ్డాఫీసుకెళ్లి వస్తది. ఒక్క అక్షరం మార్చాల్నంటె మూడు నెలలు."

"మరి డేట్ మార్చుండ్రి."

"శ్రావణంల కొత్త లైన్ మొదలు. ఎట్ల మారుస్త?"

నాకు మండింది. "ఒక్కసారి పెట్టుండ్రి సార్. ఈసారి ఎర్ర చేతులు రావు. నాది జిమ్మ" అన్న.

సార్ నా దిక్కు చూసి పెన్ను కింద పెట్టిండు. "సరే. పది మంది. పదో ఎర్ర చేతులు కనవడ్డయనుకో, గేటు కాడనే వాకిన్ బంద్. లోపలికొచ్చినోళ్లను కూడ వాపస్ పంపుత. కాంట్రాక్టర్‌కు ఆ దినమే ఫోన్ చేస్త. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్న. బయటికొచ్చినంక భయమైంది. ఎందుకంటె కంపెనీల ఇరవై ఎనిమిదేండ్లు దాటితె కొత్తోళ్లను తీసుకోరు. హర్షిణికి వచ్చే దీపావళికి దాటుతయి. దానికి ఇదే ఆఖరు పాలి. దాని చేతులు తెల్లగుంటె సాలదు ఇగ. మొఖం కూడ చూడని పదో ఆడిది ఎర్ర చేతులతోని వస్తె, మా చెల్లె నౌకరి పోతది.

మూడు వారాలున్నది. వాట్సాప్‌ల పెట్టిన, మహిళా సంఘాలకు చెప్పిన. గని అది నాకు ఎరుకున్నోళ్ల వరకే. వాకిన్‌కు వచ్చేటోళ్లు నర్సాపూర్‌కెళ్లి, జోగిపేటకెళ్లి, సదాశివపేటకెళ్లి వస్తరు. వాళ్ల ఫోన్ నంబర్లు నా కాడ యాడియి? వాళ్లు నా బ్లాగు చదవాలె, అంతే దారి.

ఇగ ఫోరంల మీద పడ్డ. మీరు పటాన్‌చెరు చౌరస్తల కరెంటు స్తంభాలు చూసిండ్రా? "వర్కర్లు కావలెను", "రూములు కిరాయికి", ఒకదాని మీద ఒకటి అతికిచ్చి స్తంభం కనవడకుంట చేస్తరు. మా దిక్కు నౌకరి కబురంటె గట్లనే పోతది. స్తంభం దొరికితె అతికియ్యాలె. నేను అదే పని ఫోనుల చేసిన. ఒక్క ఆదివారం మధ్యాహ్నం నౌకర్ల ఫోరంల అరవై రెండు చోట్ల నా బ్లాగు లింకు పెట్టిన. ఎవడో ఫిట్టర్ నౌకరి అడిగితె దాని కింద, ఎవడో డ్రైవింగ్ లైసెన్స్ అడిగితె దాని కింద. సాయంత్రానికి నా ఖాతా మూసేసిండ్రు. "స్పామ్" అని ఒక్కటే మాట. ఇంకో ఫోరంల చేరిన, ఆడ పొద్దుగూకక ముందే ఎల్లగొట్టిండ్రు.

మూడోది "మన పెరడు". పెరట్ల మొక్కలు పెంచుకునేటోళ్ల ఫోరం. అండ్ల ఆడోళ్లు మస్తుంటరని మా లైన్ పిల్ల చెప్పింది. ఒకామె వంకాయ చెట్టు కొనలు వాడిపోతున్నయని అడిగింది. దాని కింద నా లింకు అతికిచ్చిన. పది నిమిషాలల్ల మెసేజ్ వచ్చింది. ఆ ఫోరం నడిపేటాయన రామలింగేశ్వరరావు గారు. పటాన్‌చెరు కాడి పెద్ద పంటల పరిశోధనా క్యాంపస్‌ల పనిచేసి రిటైరయి, బీరంగూడల ఉంటడంట. ఆయనది కోస్తా భాష.

"సృజన గారూ, ఒకావిడ వంకాయ మొక్కకు పురుగు పట్టిందని బాధపడుతుంటే, కింద మీ ఫ్యాక్టరీ ఇంటర్వ్యూ సంగతి ఎందుకండీ? తీసేశాను. మళ్లీ పెడితే మిమ్మల్ని కూడా తీసేస్తాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, మీకు వంకాయల బాధ. ఇక్కడ ఆడపిల్లల నౌకర్లు పోతున్నయి. ఒక్క లింకు పెడితె మీ పెరడు ఎండిపోతదా?" అని టైపు కొట్టిన.

ఆయనకు కోపం రాలే. "నౌకర్ల సంగతి తర్వాత మాట్లాడదాం. ఆవిడ వంకాయ మొక్కకు ఏం చేయాలో మీకు తెలుసా?" అని అడిగిండు.

తెల్వక? మా అయ్య పెద్దరాములు పుట్టిన కాడికెళ్లి ఇంకోళ్ల చేన్లల్ల కూలి చేసినోడు. నేను పదోది చదివేదాక ఆయన ఎనక పోయినదాన్నే. వాడిన కొనను పురుగున్న కాడికి కిందికి తుంచాలె, తుంచింది చెట్టు కిందనే పడేయొద్దు, కాల్చాలె లేకుంటె దూరం పాతిపెట్టాలె. అదే రాసిన.

"చూశారా, ఇది ముందే చెబితే ఏం పోయింది? మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇరవై మందికి పనికొచ్చే జవాబు చెప్పినవాళ్లు ఒక లింకు పెట్టుకోవచ్చు. మీకు ఒకటి అయింది."

ఫోన్ మంచం మీదికి ఇసిరేసిన. ఇరవై జవాబులా! నాకు టైమెక్కడిది? ఇంత పొగరా ఆ ముసలాయనకు! ఇగ కూసుని ఆలోచిస్తె నాకే సిగ్గనిపిచ్చింది. నా లైన్ మీద కొత్త పిల్ల వస్తె నేనేం చేస్త? ఇరవై గొట్టాలు నా కండ్ల ముందట తప్పు లేకుంట చేసినంకనే దాని పేరు మీద ట్రే ఇస్త. ఎంత మొత్తుకున్నా పందొమ్మిదికి ఇయ్య. నా కర్రతోని నన్నే కొట్టినట్టాయె. గా ముసలాయన కూడ లైన్ లీడరే.

సరే అనుకున్న. కంపెనీ బస్సుల పోంగ రాంగ మొదలు పెట్టిన. కరివేపాకు చెట్టుకు పులిసిన సల్ల పొయ్యుమని ఒకామెకు చెప్పిన. టమాట పూత రాలుతదంటె, నీళ్లు ఒకనాడు కుండెడు ఒకనాడు చుక్క పొయ్యొద్దని చెప్పిన. మునగచెట్టుకు గొంగళి పురుగులు పడితె ఏం చెయ్యాల్నో నాకు తెల్వకపోతె మా అమ్మకు ఫోన్ చేసి అడిగి రాసిన. నాలుగు దినాలకే "సృజనక్కా, మా బీరపాదు చూడవా" అని నన్ను పేరు పెట్టి అడుగుడు షురువైంది. నిజం చెప్త, నాకు మస్తు సంబురమైంది. బ్లాగుల నాలుగు నెలలు రాస్తె ఒక్కరు పలకరియ్యలే, ఈడ వంకాయ పురుగు నన్ను అక్కను చేసింది.

పందొమ్మిది జవాబులయినయి. ఆషాఢం వచ్చింది. ఆ దినం ఫోరం తెరిస్తె అన్నిటికంటె పైన ఒక ముచ్చట కనవడ్డది. "ఆషాఢం గోరింటాకు: ఎర్రగా పండాలంటే ఏం చేయాలి?" ప్రతియేడు రావు గారే మొదలు పెడుతరంట. వేల మంది చదువుతున్నరు. చేతుల ఫోటోలు పెడుతున్నరు. పేర్ల కింద ఊర్లున్నయి. నర్సాపూర్, జోగిపేట, సంగారెడ్డి, గుమ్మడిదల, జిన్నారం.

అగో! నా ఆడోళ్లంత ఈడున్నరు! మొదలు నేను వాళ్లను నౌకర్ల ఫోరంల ఎతికిన. ఆడ ఉన్నోళ్లంత మొగోళ్లాయె. మైదాకు పెట్టుకునేటోళ్లు మైదాకు కాడ ఉంటరు గని, ఫిట్టర్ నౌకర్ల కాడ ఉంటరా? నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

జల్దీ జల్దీ రాసిన. "సుల్తాన్‌పూర్ కంపెనీలల్ల ఇంటర్వ్యూకు పోయేటోళ్లు ఆషాఢంల మైదాకు పెట్టుకోవద్దు. గేటు కాడనే వాపస్ పంపుతరు."

ఐదు నిమిషాలల్ల నర్సాపూర్ తనుశ్రీ అనేటామె నా మీద పడ్డది. "ఆషాఢంల మైదాకు పెట్టుకోవద్దని చెప్పనీకె నువ్వెవరు? ఖాళీ చేతులు చూస్తె మా అత్త ఊకుంటదా? నౌకరి రాకముందుకే ఇల్లు ఇడువాల్నా?" దాని కింద నిజమే నిజమే అని యాభై మంది.

నేను తిట్టనీకె రెడీ అయిన. సగం టైప్ చేసిన కూడ. అంతల మా అత్తమ్మ వంటింట్లకెళ్లి "ఏందే, ఎవలతోని లొల్లి?" అని వచ్చింది. ఆమెకు చదివి వినిపిచ్చిన, నా దిక్కు మాట్లాడుతదని. ఆమె చిక్కుడుకాయ నార తీసుకుంట అంత విన్నది.

"ఆ పిల్ల సక్కగనే అన్నది" అన్నది.

"అత్తమ్మా!"

"మల్లేంది? నువ్వు వద్దన్నవు. వద్దంటె మరేం చెయ్యాల్నో చెప్పినవా? మా అమ్మ బీడీలు సుట్టేది. ఆషాఢంల సేతులు ఎర్రగుంటె, రంగు సేతుల బీడీలు నాకొద్దని సేటు కట్టలకు కట్టలు వాపస్ కొట్టేటోడు. అప్పుడు మా అమ్మ ఏం సేసింది? కాళ్లకు పెట్టుకున్నది. ఆషాఢం తప్పలే, బీడీలు తప్పలే. సేతులు వద్దంటె కాళ్లు లేవానె మీకు?"

నేను నోరు తెరుసుకొని చూసిన. ఆరేండ్ల సంది అదే ఇంట్ల ఉన్న, ఆ మాట నాకు తట్టలే. లేసి ఆమె చెంపలు పట్టుకొని ముద్దు పెడితె "ఛీ పో, చిక్కుడు చేతులు" అని నూకేసింది.

తెల్లారి డ్యూటీ ఎక్కంగనే బట్టలు మార్చుకునే రూముల గోడకున్న రూల్స్ కాయితం మూడుసార్లు చదివిన. చేతులు మోచేతి దాక, మొఖం, మెడ. అంతే. కాళ్ల ముచ్చటనే లేదు. కాళ్లకు సాక్సులు, మీద బూట్లు, బూట్ల మీద ఇంకో తొడుగు. ఇగ నాకేం భయం?

మధ్యాహ్నం షిఫ్టు దిగి బస్సుల కూసుని నిదానంగ రాసిన. లింకు పెట్టలే. ముందుగాల మైదాకు ముచ్చటనే రాసిన. లేత ఆకు తెంపాలె, తెంపినాడే రుబ్బాలె, చింతపండు రవ్వంత ఎయ్యాలె, ఎండినంక నీళ్లతోని కడగొద్దు, గీకి నూనె రాయాలె. "మంచిగ పెట్టుకోండ్రి, ఎర్రగ పండాలె. గని ఈ శనివారం సుల్తాన్‌పూర్ వాకిన్‌కు వచ్చేటోళ్లు చేతులకు పెట్టుకోకుండ్రి, పాదాలకు పెట్టుకోండ్రి. మీ అత్తలు అడిగితె మా అత్తమ్మ ముచ్చట చెప్పుండ్రి." బీడీల ముచ్చట కూడ రాసిన. ఆఖరుకు ఇంకొకటి రాసిన, రాయాల్నా వద్దా అని శానసేపు చూసి. "పోయినేడు మా చెల్లె ఎర్ర చేతులతోని వాపస్ పోయింది. నేను ఆ కంపెనీలనే ఉండి కూడ దానికి చెప్పలే. మీ చెల్లెండ్లకు మీరు చెప్పుండ్రి."

మొదలు జవాబిచ్చింది తనుశ్రీయే. "గిట్ల చెప్పాలె అక్కా! మా అత్త సరే అన్నది. మరి లోపల ఏం అడుగుతరు?" దాని కింద ఇంకొకామె, ఇంకొకామె, అందరు అడిగేది అదే. నేను ఇంక ఏం రాయకముందుకే రావు గారు నా బ్లాగు లింకు తన చేతుల్తోనే అతికిచ్చి, నా జవాబును అన్నిటికంటె పైన పెట్టిండు. "ఇది సృజన గారి ఇరవయ్యో జవాబు. లోపలి సంగతులన్నీ ఈ అమ్మాయి బ్లాగులో ఉన్నాయి, చదవండి" అని రాసిండు.

పద్నాలుగు ఉన్న కాడ మూడు దినాలల్ల రెండువేల ఆరువందలు. నేను ఫోన్ పట్టుకొని చంద్రకాంత్ సార్ కాడికి ఉరికిన.

సార్ వంకాయల ఫోరం ముచ్చటంత విని, ఫోను చూసిండు. "చదివేటోళ్లు రాజమండ్రిల ఉంటె మనకేం లాభం? చదువుడు వేరు, గేటుకు వచ్చుడు వేరు. శనివారం చూద్దాం" అన్నడు.

"చూద్దాం సార్" అని గట్టిగనే అన్న. గని ఆ మాట నా లోపల పురుగు లెక్క తొలిచింది. రాజమండ్రోళ్లే చదివితె? గల్ఫ్‌ల ఉన్నోళ్లు చదివితె? శనివారం దాక నాకు అన్నం సయించలే.

శనివారం సన్న వాన. తొమ్మిదింటికే మూడో గేటు కాడ ఛత్రీలు బారు కట్టినయి. ఆఖరుదాక లెక్క పెడితె ఎనభై మూడు మంది. సత్తయ్య తాత రేకుల కింద నిలబడి "చేతులు చాపుండ్రి" అని అరుస్తున్నడు. చంద్రకాంత్ సార్ కాయితం, పెన్ను పట్టుకొని పక్కన నిలబడ్డడు. నేను సార్ పక్కన. హర్షిణి బారుల ముప్పయ్యో మనిషో ఏమో, ఛత్రీ కింద తల వంచుకొని నిలబడ్డది.

మొదలు వచ్చినామెయే ఎర్ర చేతులు. ఆమె ఎనకామె కూడ.  తర్వాత నలుగురు తెల్ల చేతులు, మల్ల ఒకటి ఎరుపు. సార్ ఒక్కో ఎర్ర చేతులకు కాయితం మీద ఒక గీత గీస్తున్నడు. పదిహేను మంది కాంగనే ఐదు గీతలు.  హర్షిణి వచ్చింది, నా దిక్కు చూడలే, చేతులు చాపింది. తెల్లగున్నయి. సత్తయ్య తాత పోయినేడు ముచ్చట యాది పెట్టుకున్నడేమో, "పో బిడ్డా" అన్నడు. అది లోపలికి పోయింది. పోయింది గని నౌకరి ఇంక దాని చేతులల్ల లేదు.

ఆరు. ఏడు. యాభై మంది దాటినంక ఎనిమిది. డెబ్బయ్యో ఆమె కాడ తొమ్మిది. ఆమె నా ముందటనే ఏడ్చింది, ఈమె కోసం బాధపడాల్నా, పదో గీత కోసం భయపడాల్నా నాకు తెల్వలే. తర్వాత అందరివి తెల్లగనే వచ్చినయి. ఆఖరుకు ఒకామె రోడ్డు మీదికెళ్లి ఉరుక్కుంట వచ్చింది, చేతులు రెండు చున్నీ లోపల దాసుకున్నది. "చేతులు తియ్యి" అన్నడు తాత. ఆమె దమ్ము తీసుకుంట తీసింది. కాయితాల కవరు వానకు తడువకుంట చున్నీల పట్టుకున్నదంతే. అరచేతులు తెల్లగున్నయి. నేను రేకుల స్తంభానికి ఒరిగిన.

"తొమ్మిది" అన్నడు చంద్రకాంత్ సార్. కాయితం మడిచి జేబుల పెట్టిండు. "సరే, వాకిన్ నడుస్తది. నీ లక్కు బాగున్నది సృజనా. ఈ కాలం పిల్లలల్ల మైదాకు ఫ్యాషన్ తగ్గినట్టున్నది."

లక్కా! నేను బస్సులల్ల వేళ్లు కాయలు కాసేదాక రాస్తె, ఫ్యాషన్ తగ్గిందంటడా? నోట్లెకు వచ్చిన మాట అంటుంటి గని, అప్పుడే లోపలికెళ్లి పిల్లల నవ్వులు వినవడ్డయి. మేమిద్దరం పోయినం.

పరీక్ష హాల్లకు పోయే ముందు అందరు చెప్పులిడిసి కాళ్లకు నీలం తొడుగులు ఏసుకోవాలె. గోడ పొంటి పొడుగు బెంచీలు. డెబ్బై నాలుగు మంది కూసున్నరు, చెప్పులు ఇడిసిండ్రు. సార్ వాళ్ల కాళ్ల దిక్కు చూసి నిలబడ్డ కాడనే నిలబడ్డడు.

ఈ కొసకెళ్లి ఆ కొస దాక ఎర్ర పాదాలు. కొందరికి ఏళ్ల కొసలకు, కొందరికి పాదం చుట్టు గీత, కొందరికి మడిమల దాక. ఎర్రగ, నల్లెరుపుగ, నారింజగ. లేనోళ్లు ఉన్నరు, ఓ పది పన్నెండు మంది. మిగిలినోళ్లందరికి ఉన్నది. ఒకరి కాళ్లు ఒకరు చూసుకొని నవ్వుకుంటున్నరు. ఆఖరుకు ఉరికొచ్చినామె నన్ను చూసి "నువ్వు సృజనక్కవేనా? నేను నర్సాపూర్ తనుశ్రీని!" అని కాలు ముందుకు చాపి చూపిచ్చింది. "మా అత్తనే పెట్టింది!"

"ఏందిది?" అన్నడు సార్ మెల్లగ.

"ఫ్యాషన్ తగ్గలే సార్" అన్న. "జెర కిందికి దిగింది."

"రూలుకు..."

"రూలు గోడకున్నది సార్, చదువుండ్రి. చేతులు, మొఖం, మెడ. నేను మూడుసార్లు చదివిన."

సార్ ఆ బెంచీల దిక్కు మల్లొక్కసారి చూసిండు. నవ్వు ఆపుకోనీకె మస్తు కోషిష్ చేసిండు గని కాలే. "గేటు బయట ఆ తొమ్మిది మంది ఉన్నరేమో చూడు. రంగు పోయినంక శ్రావణంల ఒకనాడు రమ్మను. నోటీసు నేను రాయ. నువ్వే రాసుకో, నీ వంకాయల కాడ" అన్నడు. నేను వానల ఉరికి ఆటో ఎక్కుతున్నోళ్లను ఆపి చెప్పిన. ఏడుగురు దొరికిండ్రు. మిగిలిన ఇద్దరు పోయిండ్రు, వాళ్లకు ఆ దినమే ఫోరంల రాసిన.

మల్లొచ్చెవరకు హర్షిణి ఇంక బెంచీ మీదనే ఉన్నది. నేను పక్కన కూసుని తడిసిన బూట్లు, సాక్సులు ఇప్పిన. అది నా కాళ్లు చూసి కండ్లు పెద్దగ చేసింది. ముందటి దినం అత్తమ్మ నన్ను గద్దె మీద కూసోబెట్టి, ఆరేండ్ల బాకీ తీరాలె అని, మడిమల దాక పెట్టింది.

"నీది నాకంటె ఎర్రగ పండిందే అక్కా!"

"అత్తమ్మ చెయ్యి గది" అన్న. ఇంకేమన్న అనాల్నని ఉండె గని, నీలం తొడుగులు తీసి దాని చేతికిచ్చిన. 

లోపలికెళ్లి దాని పేరు పిలిచిండ్రు. అది లేసి నీలం తొడుగులు ఏసుకున్నది. తలుపు కాడికి పోయి ఎనక్కి మర్రింది.

"ఈపాలి చెప్పినవక్కా" అన్నది.

పరీక్షల చిమ్టాతోని నలభై గొట్టాలు ఒక్కటి కింద పడకుంట ట్రేల పెట్టింది. ఆవాలు ఏరినదాయె. సోమవారం నుంచి నా పక్క లైన్ల చేస్తున్నది.